తప్పు దాస్తే దొంగకు సందు

ఒక ఊళ్ళో పాల కేంద్రం ఉందనుకుందాం. తెల్లవారక ముందే పాడి రైతులు అక్కడికి వస్తారు. చెంబులతో, క్యాన్లతో పాలు తెస్తారు. పాలు కొలుస్తారు. వెన్న ఎంత ఉందో చూస్తారు. పుస్తకంలో రాస్తారు. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు ఇస్తారు.

ఆ బిల్లు కోసం అరవై ఇళ్ళ వాళ్ళు ఎదురుచూస్తారు. దాణా కొనాలి. కిరాణా కొట్టు బాకీ తీర్చాలి. పిల్లల ఫీజు కట్టాలి. అన్నీ ఆ బిల్లు మీదే.

కేంద్రంలో ముగ్గురు ఉన్నారు. రాఘవయ్య అధ్యక్షుడు. వెంకటేశు పాలు పరీక్ష చేస్తాడు. సరళ లెక్కలు రాస్తుంది. కేంద్రం డబ్బు బ్యాంకులో ఉంది. లావాదేవీలన్నీ కేంద్రం ఫోనులోనే చేస్తారు.

ఆ రోజు ఏం జరిగింది?

మధ్యాహ్నం పన్నెండు గంటలయింది. మర్నాడే బిల్లులు ఇవ్వాలి. ఖాతాలో లక్షా 52 వేల రూపాయలు ఉన్నాయి. సరళ లెక్కలు కూడుతోంది. ఇంతలో ఫోనుకు వాట్సాప్‌లో ఒక కబురు వచ్చింది. పైన బ్యాంకు గుర్తు ఉంది. కింద ఇట్లా ఉంది:

"మీ ఖాతాకు కేవైసీ పూర్తి కాలేదు. ఈ రోజు ఒంటిగంట లోపల పూర్తి చెయ్యకపోతే ఖాతా ఆపేస్తాం. కింద ఉన్న ఫైలు తెరవండి."

కేవైసీ అంటే ఖాతా ఎవరిదో బ్యాంకు సరిచూసుకునే పద్ధతి. బ్యాంకు వాళ్ళు నిజంగానే అప్పుడప్పుడు అడుగుతారు. అందుకే సరళకు అనుమానం రాలేదు. గుండె మాత్రం దడదడలాడింది. ఖాతా ఆగిపోతే రేపు బిల్లులెట్లా? ఇంతమందికి ఏం చెప్పాలి?

రాఘవయ్యకు ఫోను చేద్దామనుకుంది. ఆయన పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. "ఇంత చిన్న పనికి కూడా నన్నే అడగాలా?" అని విసుక్కుంటాడు. అందుకని ఊరుకుంది.

సరళ ఫైలు తెరిచింది. ఏదో నొక్కమంది. నొక్కింది. కార్డు నంబరు అడిగింది. రాసింది. పిన్ అడిగింది. అదీ రాసింది.

ఆ ఫైలు బ్యాంకుది కాదు. దొంగ పంపింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, దొంగ బ్యాంకు పేరు చెప్పి ఫోనులోకి దూరాడు. ఇక ఆ ఫోనుకు వచ్చే ఓటీపీలన్నీ దొంగకు కనిపిస్తాయి. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య అంకె.

పన్నెండున్నరకు ఫోను మోగింది. ఖాతా నుంచి 40 వేలు పోయినట్టు సందేశం వచ్చింది.

సరళకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. జరిగింది ఏమిటో అర్థమయింది. అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు?

అంతకు ముందు మూడు నెలల కింద ఒక సంగతి జరిగింది. వెంకటేశు ఒకరి పాలు ఇంకొకరి పేరు కింద రాశాడు. సాయంత్రానికి తన తప్పు తనే పట్టుకున్నాడు. తనంతట తానే వచ్చి చెప్పాడు. రాఘవయ్య అందరి ముందూ కేకలేశాడు. "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అన్నాడు. జీతంలో అయిదు వందలు కోశాడు.

ఆ రోజు నుంచి వెంకటేశు మారాడు. తప్పు చెయ్యడం మానలేదు. తప్పు చెప్పడం మానేశాడు.

సరళ అప్పుడు అక్కడే ఉంది. అంతా చూసింది. "అయిదు వందల తప్పుకే అంత గొడవ. నలబై వేలంటే నా ఉద్యోగం ఉంటుందా?" అని భయపడింది. డబ్బు ఎట్లాగైనా వెనక్కి వస్తుందేమోనని ఆశపడింది. ఫోను బోర్లా పెట్టింది.

"ఏందక్కా, అట్లా ఉన్నావు?" అని వెంకటేశు అడిగాడు.

"తలనొప్పిరా" అంది సరళ.

మూడు గంటలకు ఇంకో 50 వేలు పోయాయి. నాలుగున్నరకు 46 వేలు పోయాయి. రాత్రి సరళ అన్నం తినలేదు. తల్లి గుచ్చి గుచ్చి అడిగితే ఏడ్చి చెప్పింది. మర్నాడు పొద్దున రాఘవయ్యకు తెలిసింది. పది గంటలకు బ్యాంకుకు పరుగెత్తారు. అప్పటికి డబ్బు చాలా ఖాతాలు మారిపోయింది. తొమ్మిది వేలు మాత్రం ఆపగలిగారు.

లెక్క చూడండి. మొత్తం పోయింది లక్షా 36 వేలు. అందులో పొరపాటు వల్ల పోయింది 40 వేలు. పొరపాటును దాచడం వల్ల పోయింది 96 వేలు.

పెద్ద బ్యాంకులో కూడా ఇదే జరిగింది

పాల కేంద్రం కథ కల్పించింది. ఇప్పుడు చెప్పేది నిజంగా జరిగింది.

"చదువు లేని వాళ్ళే మోసపోతారు" అని కొందరంటారు. ఆ మాట తప్పు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకా. అక్కడ బంగ్లాదేశ్ బ్యాంకు ఉంది. మన దేశానికి రిజర్వు బ్యాంకు ఎట్లాంటిదో ఆ దేశానికి అది అట్లాంటిది. అందులో పనిచేసేవాళ్ళంతా బాగా చదువుకున్నవాళ్ళే.

2015 జనవరిలో ఆ బ్యాంకు ఉద్యోగులకు కంప్యూటర్లో ఉత్తరాలు వచ్చాయి. "ఉద్యోగం కావాలి. నా వివరాలు ఇక్కడ చూడండి" అని మర్యాదగా రాసి ఉంది. ఉద్యోగం అడిగే ఉత్తరమే కదా అని లోపల ఒకరు తెరిచారు. దాంతోపాటు దొంగల ప్రోగ్రాం బ్యాంకు కంప్యూటర్లోకి చేరింది.

దొంగలు వెంటనే డబ్బు తియ్యలేదు. ఏడాదికి పైగా ఓపిక పట్టారు. బ్యాంకులో పని ఎట్లా నడుస్తుందో చూశారు. ఏ రోజు సెలవో చూసుకున్నారు.

2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి వాళ్ళు పని మొదలుపెట్టారు. బంగ్లాదేశ్‌లో శుక్రవారం, శనివారం సెలవు. ఆ బ్యాంకు డబ్బు కొంత అమెరికాలోని న్యూయార్క్‌లో ఒక పెద్ద బ్యాంకులో ఉంది. బంగ్లాదేశ్ బ్యాంకు అడిగినట్టుగానే దొంగలు న్యూయార్క్‌కు 35 ఆదేశాలు పంపారు. అడిగింది మొత్తం 95 కోట్ల డాలర్లకు పైనే.

బంగ్లాదేశ్ బ్యాంకులో ఒక ప్రింటరు ఉంది. డబ్బు ఎక్కడికి వెళ్ళినా ఆ ప్రింటరు కాగితం మీద అచ్చు వేస్తుంది. దొంగలు దాన్ని పనిచెయ్యకుండా చేశారు. శుక్రవారం పొద్దున డ్యూటీలో ఉన్నవాళ్ళు చూశారు. ప్రింటరు నడవడం లేదు. "ఇది ఎప్పుడూ ఉండే గోలే" అనుకున్నారు. అంతకు ముందు కూడా అది అట్లా మొరాయించేది. అందుకని ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ప్రింటరు బాగుచేశారు. అప్పుడు న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రశ్నలు బయటపడ్డాయి. "ఇంత డబ్బు మీరే అడిగారా?" అని ఉంది. వీళ్ళు న్యూయార్క్‌తో మాట్లాడాలని చూశారు. అప్పటికి అక్కడ సెలవు. డబ్బులో ఎక్కువ భాగం వెళ్ళింది ఫిలిప్పీన్స్ దేశానికి. సోమవారం అక్కడ పండుగ సెలవు. మంగళవారానికి డబ్బు బ్యాంకు దాటింది. అక్కడి నుంచి జూదశాలలకు చేరింది.

35 ఆదేశాల్లో 30 ఆగిపోయాయి. నాలుగు ఆదేశాల మీద 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు పోయాయి. అప్పటి లెక్కన అవి సుమారు 550 కోట్ల రూపాయలు. అందులో కోటిన్నర డాలర్ల దాకా తర్వాత తిరిగి వచ్చాయి.

ఒక్క అక్షరం విలువ

ఇంకొక ఆదేశం మీద 2 కోట్ల డాలర్లు శ్రీలంకకు బయలుదేరాయి. ఆ డబ్బు మాత్రం దక్కింది. ఎట్లా దక్కిందో తెలుసా? ఒక్క అక్షరం వల్ల.

డబ్బు చేరాల్సిన సంస్థ పేరు చివర ఇంగ్లీషులో 'ఫౌండేషన్' అని ఉండాలి. దొంగలు 'ఫాండేషన్' అని రాశారు. తెలుగులో చెప్పాలంటే ఔత్వం ఉండాల్సిన చోట దీర్ఘం పడింది. దారిలో ఉన్న ఒక బ్యాంకు వాళ్ళు ఆ పేరు శ్రద్ధగా చదివారు. అనుమానం వచ్చింది. "ఇది సరైన పేరేనా?" అని తిరిగి అడిగారు. దాంతో డబ్బు ఆగింది.

వాళ్ళు చేసింది రెండే పనులు. ఒకటి, అక్షరం అక్షరం చదివారు. రెండు, అనుమానం వస్తే నోరు తెరిచి అడిగారు. అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్ళు మాటను కూడబలుక్కుని చదువుతారు. అందుకు సిగ్గుపడనక్కర్లేదు. డబ్బు సంగతుల్లో అట్లా చదవడమే మేలు.

చివరి మాట కూడా చెప్పుకోవాలి. అంత డబ్బు పోయిందన్న సంగతి బంగ్లాదేశ్ బ్యాంకు పెద్దలు వెంటనే బయటపెట్టలేదు. దాదాపు నెల రోజులు గుట్టుగా ఉంచారు. ఆ దేశపు ఆర్థిక మంత్రికి కూడా పత్రికల వల్లనే తెలిసింది. 2016 మార్చి 15న బ్యాంకు గవర్నరు రాజీనామా చేశాడు.

పాల కేంద్రంలో సరళ దాచింది. అంత పెద్ద బ్యాంకులో పెద్దలు దాచారు. మనిషి స్వభావం ఒకటే.

దొంగ లాగే నాలుగు తాళ్ళు

పాతకాలం దొంగ గోడకు కన్నం వేసేవాడు. ఈ కాలం దొంగ మనిషి మనసు చూస్తాడు. అతని చేతిలో నాలుగు తాళ్ళు ఉంటాయి.

మొదటిది భయం. "మీ ఖాతా ఆగిపోతుంది. మీ కరెంటు కోస్తాం. మీ మీద కేసు ఉంది. పోలీసులు వస్తున్నారు." ఇట్లా బెదిరిస్తాడు. వీడియోలో పోలీసు బట్టలు వేసుకుని "మిమ్మల్ని ఇంట్లోనే అరెస్టు చేశాం. ఎవరికీ చెప్పొద్దు" అంటాడు. చట్టంలో అట్లాంటి అరెస్టు లేదు. ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చెయ్యడు.

రెండవది తొందర. "ఇప్పుడే చెయ్యాలి. పది నిమిషాలే ఉంది." మనిషిని ఆలోచించనివ్వకూడదు. పక్కవాళ్ళను అడగనివ్వకూడదు. దొంగకు కావలసింది అదే.

మూడవది ఆశ. "మీకు లాటరీ వచ్చింది. సబ్సిడీ వచ్చింది. డబ్బు పడాలంటే పిన్ నొక్కండి." గుర్తుంచుకోండి. ఫోనులో డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

నాలుగవది మొహమాటం. పని చోట దొంగ ఎక్కువగా లాగే తాడు ఇదే. పై అధికారి ఫోటో పెట్టుకుని వాట్సాప్‌లో రాస్తాడు. "నేను మీటింగులో ఉన్నాను. ఫోను చెయ్యకు. వెంటనే ఈ నంబరుకు డబ్బు పంపు" అంటాడు. "మీరేనా సార్?" అని పెద్దవాళ్ళను అడగడానికి కింది ఉద్యోగి జంకుతాడు. ఆ జంకే దొంగకు పెట్టుబడి.

ఈ నాలుగింటికీ ఒకటే మందు. ఆగాలి. ఇంకొకరిని అడగాలి.

అలవాట్లు ఎట్లా ఉన్నాయి?

పని చోట ఒకసారి చుట్టూ చూడండి. పాస్‌వర్డ్ అంటే రహస్య పదం. దాన్ని చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తారు. ఇక రహస్యం ఎక్కడిది? ఒకే పాస్‌వర్డ్ నలుగురూ వాడతారు. రేపు తప్పు జరిగితే ఎవరు చేశారో తెలియదు. తిలా పాపం తలా పిడికెడు అవుతుంది.

ఆధార్ కాగితాల జిరాక్సులు బల్ల మీద పడి ఉంటాయి. పాతబడ్డాక చిత్తు కాగితాల కింద అమ్ముతారు. వాటి మీద పేరు, పుట్టిన తేదీ, అడ్రసు ఉంటాయి. దొంగ ఫోను చేసి ఆ వివరాలన్నీ చెబుతాడు. "నా సంగతులన్నీ తెలుసు కాబట్టి బ్యాంకు మనిషే" అని అవతలి వాళ్ళు నమ్ముతారు.

వేలిముద్ర కూడా దాచుకోవలసిందే. 2018లో తెలంగాణలో పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. అతను సిమ్ కార్డులు అమ్మేవాడు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద జనం వేసిన వేలిముద్రలు తీసుకున్నాడు. వాటితో రబ్బరు వేలిముద్రలు తయారుచేశాడు. పరాయి వాళ్ళ పేరు మీద సిమ్ కార్డులు నడిపించాడు. సంతకం నేర్చుకున్నవాళ్ళు వేలిముద్ర వేసే అవసరం తగ్గుతుంది. అయినా యంత్రం మీద వేలు పెట్టాల్సిన చోట్లు ఉన్నాయి. ఎందుకు, ఎంత డబ్బుకు అని అడిగి వేలు పెట్టాలి. రసీదు తీసుకుని చదవాలి. అవసరం లేనప్పుడు ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఉంది. దాన్ని బయోమెట్రిక్ లాక్ అంటారు.

ఇవన్నీ మార్చుకోదగ్గ అలవాట్లే. చీటీ చించెయ్యవచ్చు. కాగితాలు బీరువాలో పెట్టవచ్చు. కానీ అన్నిటికంటే చెడ్డ అలవాటు ఇంకొకటి ఉంది. తప్పు చెప్పినవాణ్ణి తిట్టడం. అది ఉన్న చోట మిగతా జాగ్రత్తలేవీ నిలవవు.

మొదటి గంట విలువ

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ఏం చెయ్యాలి?

ఒకటి. పక్కనున్న వాళ్ళకు చెప్పాలి. ఒక్కరే కూర్చుని బాధపడకూడదు.

రెండు. ఫోనులో ఇంటర్నెట్ ఆపాలి.

మూడు. వేరే ఫోను తీసుకుని 1930 నంబరుకు చెప్పాలి. ఆన్‌లైన్ మోసాల గురించి చెప్పడానికి దేశమంతటికీ ఈ నంబరు ఉంది. వాళ్ళు డబ్బు చేరిన బ్యాంకుకు కబురు పంపుతారు. దొంగ తీసుకునే లోపల ఆపడానికి చూస్తారు.

నాలుగు. బ్యాంకుకు చెప్పి ఖాతాను, కార్డును ఆపించాలి. బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీద గానీ కార్డు వెనక గానీ చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొంగల నంబర్లు కూడా కనిపిస్తాయి.

అయిదు. వచ్చిన సందేశాలను చెరిపెయ్యకూడదు. అవే సాక్ష్యం. పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇవ్వాలి.

ఇందులో ఒక చట్టం సంగతి ఉంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తన పొరపాటు వల్ల రహస్య అంకె చెప్పాడనుకోండి. బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన డబ్బు ఖాతాదారే భరించాలి. తెలియజేసిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అంటే చెప్పిన క్షణమే గీత. సరళ పన్నెండున్నరకు బ్యాంకుకు చెప్పి ఉంటే ఆ 96 వేలు కేంద్రం నెత్తిన పడేవి కావు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఈ దొంగతనంలో ఆరు నెలలు కాదు, ఆరు గంటలు ఆలస్యమైనా అంతే.

పాల కేంద్రంలో మీటింగు

ఇప్పుడు మళ్ళీ పాల కేంద్రానికి వద్దాం. మర్నాడు సాయంత్రం సభ్యులందరూ చేరారు. బిల్లు రాలేదు. అందరికీ కడుపు మండుతోంది.

"ఇంత డబ్బు పోగొట్టిన పిల్లను ఇంకా ఎట్లా ఉంచుతారు?" అని ఒకాయన లేచాడు.

"జీతంలో కోయండి" అని ఇంకొకాయన అన్నాడు.

సరళ తల వంచుకుని మూల నిలబడింది. ఎవరూ ఆమె పక్కన నిలబడలేదు.

ఎల్లమ్మకు అరవై ఏళ్ళుంటాయి. ఆమెకు ఒక్కటే బర్రె. ఆమె లేచింది.

"ఒక మాట చెబుతా, వినండి. చెంబులో పాలు విరిగినాయనుకో. విరిగినాయి అని చెబితే ఆ చెంబే పారబోస్తాం. తిడతారని భయపడి చెప్పకుండా క్యానులో పోస్తే? క్యాను పాలన్నీ పోతాయి. ఈ పిల్ల చెంబు దగ్గరే ఎందుకు చెప్పలేదో ముందు అది అడగండి."

అందరూ ఊరుకున్నారు. అప్పుడు వెంకటేశు నెమ్మదిగా నోరు విప్పాడు. "నేను చెప్పిన రోజు ఏమయిందో అక్క చూసింది కదా" అన్నాడు.

రాఘవయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"పిల్ల పొరపాటుకు పోయింది నలబై వేలు. నా నోటికి పోయింది తొంబై ఆరు వేలు. ఆ రోజు వెంకటేశు తనంతట తాను వచ్చి చెప్పాడు. మెచ్చుకోవాల్సింది పోయి తిట్టాను. అప్పటి నుంచి ఇక్కడ నాతో ఎవరూ ఏదీ చెప్పడం లేదు. దొంగకు సందు ఇచ్చింది నేనే" అన్నాడు.

వెంకటేశు దగ్గర కోసిన అయిదు వందలు అక్కడే తిరిగి ఇచ్చాడు.

ఖాతాలో మిగిలిన డబ్బు 16 వేలు. ఒక్క బర్రె, ఒక్క ఆవు ఉన్న ఇళ్ళకు ముందు ఇచ్చారు. మిగతావాళ్ళు వచ్చే బిల్లు దాకా ఆగారు. అందరూ సంతోషంగా ఆగలేదు. గొణుక్కుంటూ ఆగినవాళ్ళూ ఉన్నారు. పోయిన డబ్బు తలా కొంచెం సర్దుకుని పూడ్చాలని ఒప్పుకున్నారు. సరళ ఉద్యోగం ఉంది.

ఆ రోజే అయిదు నియమాలు రాసుకున్నారు. సరళే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించింది.

1. డబ్బు గురించి ఏ సందేశం వచ్చినా ఇద్దరు చదవాలి.

2. ఎవరు తొందరపెట్టినా పది నిమిషాలు ఆగాలి. తెలియని ఫైలు తెరవకూడదు.

3. పెద్దవాళ్ళ పేరుతో డబ్బు అడిగితే వాళ్ళకే ఫోను చేసి అడగాలి. అడిగినందుకు వాళ్ళు విసుక్కోకూడదు.

4. పిన్, ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. అధ్యక్షుడు అడిగినా చెప్పకూడదు.

5. పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి. చెప్పినవాళ్ళకు తిట్లు లేవు, కోత లేదు.

అయిదో నియమం మీద ఒక సభ్యుడు అడిగాడు. "అయితే ఎవడైనా కావాలని తినేసి పొరపాటు అంటే?" అన్నాడు. మంచి ప్రశ్నే. కావాలని చేసింది దొంగతనం. దానికి చట్టం ఉంది, శిక్ష ఉంది. తెలియక చేసింది పొరపాటు. పొరపాటు చెప్పినవాడికి శిక్ష వేస్తే ఆ తర్వాత ఎవరూ చెప్పరు. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

నెల గడిచింది. ఒక రోజు వెంకటేశు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పెదనాన్నా, దాణా సబ్సిడీ అని ఏదో వచ్చింది. నేను నొక్కేశాను. ఇంకా పిన్ కొట్టలేదు" అన్నాడు.

రాఘవయ్యకు కోపం ముంచుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగాడు. గోడ మీద అట్ట వైపు చూశాడు.

"చెప్పావు, మంచి పని చేశావురా. ముందు నెట్ ఆపు. సరళా, నీ ఫోనుతో బ్యాంకుకు చెప్పమ్మా" అన్నాడు.

ఆ నెల బిల్లు అందరికీ అందింది.

గుర్తుంచుకోండి

బ్యాంకు ఎప్పుడూ పిన్, ఓటీపీ అడగదు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

మోసం జరిగితే వెంటనే 1930కి చెప్పాలి.

తప్పు చెప్పినవాణ్ణి తిట్టకూడదు.

ఆలోచించండి, చెప్పండి

1. సరళ మొదటి సందేశం రాగానే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?

2. ఢాకా బ్యాంకులో ప్రింటరు ఆగినప్పుడు ఉద్యోగులు ఏమనుకున్నారు? ఏం చేసి ఉండాల్సింది?

3. 2 కోట్ల డాలర్లను ఆపిన తప్పు ఏది?

4. ఎల్లమ్మ చెప్పిన విరిగిన పాల మాటకు అర్థం ఏమిటి?

5. మీరు పనిచేసే చోట తప్పు చెప్పుకోవడానికి జనం భయపడతారా? ఎందుకు? పదిమందిలో మాట్లాడుకోండి.

లెక్క చెయ్యండి

సరళ పన్నెండున్నరకే చెప్పి ఉంటే, మొదట పోయిన 40 వేలు పోను, లక్షా 52 వేలలో ఎంత మిగిలేది? అరవై ఇళ్ళకు సమానంగా పంచితే ఇంటికి ఎంత వచ్చేది? పైసలు వదిలెయ్యండి.

రాయండి

ఖాతా ఆపమని బ్యాంకు మేనేజరుకు ఉత్తరం రాయడం నేర్చుకోండి. కింద ఉన్న ఉత్తరాన్ని పూర్తి చేసి చూడండి.

"మేనేజరు గారికి నమస్కారం. నా పేరు ........ . మీ బ్యాంకులో నాకు ఖాతా ఉంది. ఈ రోజు ........ గంటలకు నా ఖాతా నుంచి ........ రూపాయలు నాకు తెలియకుండా పోయాయి. వెంటనే నా ఖాతాను, కార్డును ఆపండి. ఈ ఉత్తరం అందినట్టు సంతకం, తేదీ, సమయం వేసి నకలు ఇవ్వండి. ఇట్లు ........ ."

ఉత్తరం కింద వేలిముద్ర వద్దు. మీ చేత్తో మీ సంతకం చెయ్యండి.